కిటికీ పక్క టేబులు

జనవరి 9

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. "ఫిబ్రవరి చివర్లో పన్నెండుమందికి, ఒక ముఖ్యమైన సందర్భానికి, మీ ఊళ్లో మంచి రెస్టారెంటు చూసిపెట్టు అన్నయ్యా" అని నాలుగు ముక్కలు గీకి ఊరుకున్నావు. సందర్భం ఏమిటో రాయకపోతే నేను కనిపెట్టలేననుకున్నావా? ఫిబ్రవరిలో నాకు ఎనభై నిండుతాయి. అదేగా?

నాకొద్దు. ఏడాది పొడుగునా నా గుమ్మం తొక్కనివాళ్లు ఆ ఒక్క సాయంత్రం నా చుట్టూ చేరి, నా ఆరోగ్యం గురించి నన్ను కాక ఒకళ్లనొకళ్లు అడుగుతారు. ఎనభై ఏళ్లు బతకడం నేను సాధించిన ఘనకార్యమేమీ కాదు. తాబేళ్లు అంతకంటే ఎక్కువే బతుకుతాయి, వాటికెవరూ విందులు చెయ్యరు. చరిత్ర పుస్తకాలు తిరగేసి చూడు, చక్రవర్తుల్లో సగంమంది విందుల్లోనే పోయారు. మిగతా సగం విందులకి పిలిచినవాళ్లు.

అయినా ఈ ఊళ్లో మంచి రెస్టారెంటు చెప్పమని నన్నా అడుగుతావు? ఆహార తనిఖీ అధికారిగా ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఏ హోటల్లోకీ ముందు గుమ్మంలోంచి వెళ్లి ఎరగను. వెనక సందులోంచి, చెత్తడబ్బాల పక్కనుంచి, వంటవాళ్లు సిగరెట్లు కాల్చుకునే మెట్ల మీదుగా వెళ్లేవాణ్ణి. జనం హోటళ్లని దీపాలతో, తెల్లటి టేబుల్ గుడ్డలతో గుర్తుపెట్టుకుంటారు. నాకు వాటి మురుగు కాలవలు గుర్తు. పార్కు ఎదురుగా తోటలో కుర్చీలు వేసే హోటలుందే, అక్కడ నిన్నటి సూపులో ఇవాళ్టి సూపు కలుపుతారు. అలా ఎన్నాళ్లుగా కలుపుతున్నారో అడిగితే, "మా నాన్నగారి కాలం నుంచీ" అన్నాడు యజమాని, అదేదో వారసత్వం అయినట్టు.

ఇక నది ఒడ్డున, పై అంతస్తు మెల్లగా గుండ్రంగా తిరిగే ఆ పెద్ద హోటలు. కూర్చున్నచోటి నుంచే ఊరంతా చూపిస్తుంది, తన కోల్డ్ రూము తప్ప. ఉద్యోగం చివరి రోజుల్లో దానికి నా చేత్తో సీలు వేశాను. నేను రిటైరై ఇంటికొచ్చిన వారానికే ఒక్క సంతకంతో ఆ సీలు ఊడదీయించింది ఎవరు? లైసెన్సుల విభాగంలో కొత్తగా చేరిన నీ సుపుత్రుడు. ఇప్పుడు ఆ విభాగానికి వాడే దొర. నా పుట్టినరోజు పేరు చెప్పి వాణ్ణీ నన్నూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి కలిపేద్దామని నీ ఉద్దేశమైతే, ఆ ఆశ మానుకో.

పక్కింటికి ఫోన్ చేసి నన్ను పిలిపించకు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు కానీ, పెట్టుకుంటే పక్కింటివాళ్లు కుర్చీలు జరిపే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. చెప్పేదేదో కాగితం మీద చెప్పు.

ఇంకా నోట్లో పళ్లున్న,
అన్నయ్య


జనవరి 17

అన్నయ్యా,

నీ పుట్టినరోజని ఎవరన్నారు? నిజం చెప్పాలంటే అది ఫిబ్రవరిలోనన్న సంగతే మర్చిపోయాను. ఏమనుకోకు.

సందర్భం నాది. ఏమిటో ఇప్పుడే రాయలేను, రాస్తే నువ్వు వెంటనే ఏదో ఒకటి అంటావు. ఇలాంటి రోజు నా బతుకులో మళ్లీ రాదు. నావాళ్లందరినీ ఒకసారి ఒకచోట చూసుకోవాలని ఉంది. మావాడికి ఇంకా చెప్పలేదు, తట్టుకోలేడు. నువ్వూ చెప్పకు.

మెట్లు లేని చోటు చూడు, నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఉప్పు తక్కువగా వండిపెట్టేవాళ్లయితే మంచిది, డాక్టరు గట్టిగా చెప్పాడు. వెలుతురు బాగా ఉండాలి. ఈమధ్య హోటళ్లలో ఎదుటి మనిషి మొహం కనపడనంత చీకటి పెడుతున్నారు. నాకు అందరి మొహాలూ కనపడాలి.

నీ మాటంటే గురి ఉంది కనకే నిన్నడుగుతున్నాను. ముసలాడివయ్యావు కానీ నీ ముక్కు ఇంకా ముసలిది కాలేదు.

చెల్లి


జనవరి 29

చెల్లమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఏమీ తినలేదు. మర్నాడు షెల్ఫులో ఉన్న వైద్య గ్రంథాలన్నీ దించాను. నీకు వచ్చి ఉండగల జబ్బులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. మోకాళ్లు, ఉప్పు, కొడుకు తట్టుకోలేకపోవడం, అందరి మొహాలూ ఒకసారి చూసుకోవడం. నువ్వు దాచగలవని ఎలా అనుకున్నావు? ఇన్నేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసినదానివి, ఇలాంటి సంగతి ఉత్తరంలో ఎలా రాయాలో కూడా తెలియకపోతే ఎలా?

ఏ డాక్టరు చూశాడు? వాడొక్కడి మాటే నమ్మావా? డాక్టర్లని నాకు వదిలెయ్యి. వాళ్ల క్యాంటీన్లు నేను తనిఖీ చేసినవాణ్ణి. చేతులు కడుక్కోమని లోకానికి చెప్పేవాళ్లు తమ భోజనం దగ్గర ఏం చేస్తారో నాకు తెలుసు. ఇంకో ఇద్దరికి చూపించుకో. ఇది అన్నగా చెప్తున్నాను, సలహా కాదు.

నువ్వడిగిన పని మాత్రం మొదలుపెట్టాను. రోజూ మధ్యాహ్నం గొడుగు పట్టుకుని బయల్దేరుతున్నాను. సినిమాహాళ్ల వీధిలో కొత్తగా పెట్టిన చోటికి వెళ్తే, సర్వరు నా ముందు ఒక చిన్న చదరపు బిళ్ల పెట్టి, "మెనూ ఫోన్లో స్కాన్ చేసుకోండి సార్" అన్నాడు.

"నా దగ్గర ఫోను లేదు."

"మరెలా తింటారు సార్?"

"నోటితో."

వాడు నవ్వలేదు. ఈ తరానికి నవ్వు కూడా ఎవరో స్కాన్ చేసి పెట్టాలి.

ఇంకోచోట చెయ్యి కడుక్కునే వంకతో వంటగదిలోకి దూరాను. మేనేజరు వెంటపడ్డాడు. "పెద్దాయనా, అటు కాదు, వాష్‌రూము ఇటు!"

"పచ్చి మాంసానికీ కూరగాయలకీ ఒకటే చెక్క వాడుతున్నారేం నాయనా?"

"మీరెవరండీ?"

"ఒకప్పుడు నీ లైసెన్సుని."

భుజం పట్టుకుని బయటికి నడిపించారు. గౌరవంగానే లే. గొడుగు లోపలే ఉండిపోతే సర్వరు పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు.

వెళ్లినచోటల్లా ఉప్పు లేని సూపు అడిగి రుచి చూస్తున్నాను. చాలావాటిలో ఉప్పు లేకపోతే ఇంకేమీ లేనట్టే. అయినా చూస్తాను. నీకు నచ్చినంత వెలుతురున్న చోటు, మెట్లు లేని చోటు, ఈ ఊరంతా తవ్వి అయినా తెస్తాను. నువ్వు మాత్రం అంతవరకు గట్టిగా ఉండు. మన ఇంట్లో నాకంటే ముందు పోయే హక్కు ఎవరికీ లేదు. ఆ వరస తప్పితే ఊరుకోను.

అన్నయ్య


ఫిబ్రవరి 4

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాను, తర్వాత నీకెలా చెప్పాలా అని రెండ్రోజులు కూర్చున్నాను. నేను చావట్లేదు. పెళ్లి చేసుకుంటున్నాను.

చదివావుగా? మళ్లీ చదువుకో. డాక్టర్ల మాట, మోకాళ్ల మాట పక్కన పెట్టు. ఉప్పు పడనిది నాకు కాదు, ఆయనకి.

ఆయనెవరో కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఇంకొకళ్ల నోట వింటే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావు. మా ఆస్పత్రి వంటశాలలో పెద్ద మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. అంతకుముందు మీ ఊళ్లో కోర్టు ఎదురుగా క్యాంటీన్ నడిపేవాడు. దానికి సీలు వేసింది నువ్వు. నీళ్ల ట్యాంకులో పావురం చచ్చి తేలుతోందని. మర్నాడు నీ ఇంటికి వచ్చాడు, నేను సెలవు పెట్టి నీ దగ్గరే ఉన్నాను. నువ్వు తలుపు తియ్యనన్నావు. నేను వెనకవైపు నుంచి వెళ్లి, మెట్ల మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. క్యాంటీన్ పోయాక మా ఆస్పత్రిలో వంటపని ఉందని చెప్పిందీ నేనే. ఈ సంగతి నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. అడగలేదు కనక.

అప్పుడేమీ లేదు, అపార్థం చేసుకోకు. అప్పుడు నాకు మొగుడున్నాడు, ఆయనకి పెళ్లాం ఉంది. వాళ్లిద్దరూ పోయి చాలాకాలమైంది. నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచే తినడం అలవాటు చేసుకున్నాను అన్నయ్యా. ఒక్కదాన్ని కూర్చుంటే కూడా దండగ అనిపించేది. ఆయన వచ్చినప్పుడు ఎదురుగా కుర్చీ వేసుకుని, నా ప్లేటు ఖాళీ అయ్యేదాకా లేవడు. అంతే. ఇందులో కవిత్వం ఏమీ లేదు. నీ పుస్తకాల్లో వెతక్కు, దొరకదు.

రెస్టారెంటు నువ్వే ఎంచాలన్నది ఆయనే. "మీ అన్నయ్యని అడుగు. నా ట్యాంకులో పావురాన్ని చూసినవాడు ఎంచిన చోట నీళ్లయినా నమ్మి తాగొచ్చు" అన్నాడు. ఆ వెంటనే, "ఎంచడం వరకే. ఆయన రానక్కర్లేదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు రావాలి.

మీ ఊళ్లోనే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు ఫిబ్రవరి 27 సాయంత్రం. అక్కణ్ణుంచి నేరుగా భోజనానికి. నా తోటి నర్సులు, వాళ్ల భర్తలు, ఆయన కూతురు, అల్లుడు, నువ్వు. మావాడికి ఈ ఆదివారం చెప్తాను.

సంతోషంగా ఉన్న,
చెల్లి


ఫిబ్రవరి 8

నీకు,

నువ్వు చావట్లేదని తెలిసి మొదటి వాక్యానికి కుర్చీలో వెనక్కి వాలాను. రెండో వాక్యానికి లేచి నిలబడ్డాను. ఇంకా కూర్చోలేదు.

లోకంలో ఇంతమంది మగవాళ్లుండగా ఆ ట్యాంకాయనే దొరికాడా? ఆ పావురం రెక్కలు విప్పుకుని ఎలా తేలుతోందో నాకు ఇవాళ్టికీ కళ్లకి కడుతుంది. ఆ నీళ్లతో అతను కాఫీ కాచి లాయర్లకి అమ్మాడు. లాయర్లు తాగారన్న ఒక్క కారణంతో నేను వదిలెయ్యలేదు, సీలు వేశాను. మళ్లీ వెయ్యమన్నా వేస్తాను. మర్నాడు నా ఇంటికి ఎందుకొచ్చాడు? సీలు తీయించుకోవడానికి అందరూ దేనికొస్తారో దానికే. తలుపు తియ్యలేదు. మంచిపని చేశాను.

ఇది పెళ్లి కాదు, పగ. నేను అతని కొట్టుకి వేసిన సీలు, ఇన్నేళ్లు ఓపికపట్టి, అతను నా ఇంటికి వేస్తున్నాడు. నువ్వు లక్క అందిస్తున్నావు. నీ కోసం చీకటి హోటళ్లలో ఉప్పు లేని సూపు రుచి చూస్తూ నేను ఊరంతా తిరుగుతుంటే, నువ్వు అక్కడ పెళ్లి బట్టలు చూసుకుంటున్నావు.

రెస్టారెంటు మీరే చూసుకోండి. వంటవాడుగా, తెలుస్తుంది అతనికి. నేను రాను. నాకు ఉత్తరం రాయకు.

కొన్నాళ్లపాటు నీకు అన్నని కాని,
నేను


ఫిబ్రవరి 14

అన్నయ్యా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నువ్వు అరిచినప్పుడల్లా ఊరుకున్నది మన చిన్నప్పుడు. అది అయిపోయింది.

ట్యాంకులో పావురం ఉంది. ఆయన కాదనలేదు, ఎప్పుడూ కాదనడు. ఆ రోజు నీ ఇంటికి వచ్చింది సీలు తీయించుకోవడానికి కాదు. ట్యాంకు ఎలా కడగాలి, మందు ఎంత వెయ్యాలి, ఎన్నాళ్లు ఆగి నీళ్లు నింపాలి అని అడగడానికి వచ్చాడు. నువ్వు రాసిచ్చిన కాగితంలో "శుభ్రపరచవలెను" అని మాత్రం ఉంది, ఎలాగో లేదు. తెలిసినంత నేను చెప్పాను, వార్డుల్లో మేం చేసే పద్ధతి. కడిగాడు కూడా. కానీ మళ్లీ తెరిచేలోపు ఆ చోటు ఇంకొకళ్లకి ఇచ్చేశారు. ఇది చెప్పి నిన్ను బాధపెట్టాలని కాదు. నువ్వు బాధపడవని తెలుసు.

మావాడికి చెప్పాను. అరవలేదు. అరిచినా బాగుండేది. నీ పోలిక కొంచెమైనా వచ్చిందని సంతోషించేదాన్ని. "అమ్మా, నీ ఇష్టం. నేను అడ్డు రాను. కానీ నలుగురికీ తెలియాల్సిన పనేముంది?" అన్నాడు. మర్నాటికల్లా అన్నీ తనే మాట్లాడేశాడు. ఆ తిరిగే హోటల్లో, కింద వెనకవైపు ఒక గది ఉందట. పార్కింగులోంచి నేరుగా లిఫ్టు. ఎవరి కంటా పడకుండా వచ్చి, తిని, అలాగే వెళ్లిపోవచ్చట. ఆ గదికి కిటికీ ఉందా అని అడిగాను. "కిటికీ ఎందుకమ్మా, ఏసీ ఉంది" అన్నాడు.

సరే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, "నేనేం దొంగతనం చేశానని లిఫ్టులో రావాలి?" అన్నాడు. నేనే సర్దిచెప్తున్నాను. నీతో ఒకవైపు, వాడితో ఒకవైపు పోట్లాడే ఓపిక లేదు. గది అయితే గది. భోజనమేగా.

అలిసిపోయిన,
చెల్లి


ఫిబ్రవరి 20

చెల్లీ,

ముందు ఇది చదువు, మిగతా తిట్లు తర్వాత. ఆ గది వద్దని వాడికి ఇవాళే చెప్పెయ్యి.

నీ సుపుత్రుడు మొన్న నా దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. సంచీ నిండా పళ్లు తెచ్చాడు, నేనేదో ఆస్పత్రిలో ఉన్నట్టు. పుస్తకాలు లేని కుర్చీ కోసం కాసేపు వెతుక్కుని, మంచం అంచున కూర్చున్నాడు.

"మావయ్యా, మీరు కూడా ఈ పెళ్లి వద్దన్నారట. అమ్మ చెప్పింది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో."

"నీకు ధైర్యం రావాలని నేనేమీ అనలేదు."

"నేను అమ్మని కాదనట్లేదు మావయ్యా. కానీ నా పరిస్థితి ఆలోచించండి. ఆఫీసులో అందరికీ తెలిస్తే ఏమనుకుంటారు? ఈ వయసులో, పైగా ఆస్పత్రి వంటవాడు..."

"ఏం, మీ ఆఫీసువాళ్లు వంటవాళ్లు వండింది తినరా? రాళ్లు తింటారా?"

"మీతో మాట్లాడటం కష్టం మావయ్యా. మీరు వద్దంటున్నారు, నేనూ ఇబ్బంది పడుతున్నాను. ఇద్దరం ఒకటేగా?"

"కాదురా. నేను వద్దన్నాను. నువ్వు దాచిపెడుతున్నావు. నేను దాని మొహం మీదే అన్నాను. నువ్వు దాన్ని లిఫ్టులో కుక్కి వెనకనుంచి దించుతానంటున్నావు."

వాడు పళ్ల సంచీ వైపు చూశాడు, తిరిగి తీసుకుపోవాలా వద్దా అన్నట్టు. వదిలేసి వెళ్లాడు. బత్తాయిలు పుల్లగా ఉన్నాయి.

వినవే. నాకు ఆ మనిషి నచ్చలేదు. ట్యాంకు కడిగే పద్ధతి అడగాల్సింది ఆఫీసు వేళల్లో, ఆఫీసులో. ఆ మాట మీద నేను అలాగే ఉంటాను. కానీ ఆ హోటలు వెనకవైపు నాకు తెలిసినంతగా నీ కొడుక్కి తెలియదు. ఆ దారిన ఏమేం లోపలికి వెళ్లేవో, ఎందుకు ముందునుంచి తేలేకపోయేవారో నేను కళ్లారా చూశాను. నా చెల్లెలు ఆ దారిన నడవదు. నువ్వు తప్పు చేస్తున్నావనే నా నమ్మకం. చేస్తే పట్టపగలు, నలుగురి మధ్య, పెద్ద వీధి మీద చెయ్యి. సిగ్గుపడాల్సింది ఎవరైనా ఉంటే వాళ్లే తల తిప్పుకుంటారు.

చోటు దొరికింది. నాలుగు రోడ్ల కూడలిలో, బస్టాపు ఎదురుగా, రెండు వైపులా పైనుంచి కిందిదాకా అద్దాలున్న రెస్టారెంటు. మెట్లు లేవు. లోపల కూర్చుంటే వీధిలో ఉన్నట్టే ఉంటుంది, వీధిలో ఉన్నవాళ్లకి నీ ప్లేటులో ఏముందో కనపడుతుంది. మేనేజరు ఒక గట్టి ఆడమనిషి. వంటగది చూడాలన్నాను. ఎందుకని అడగలేదు. ఒక టోపీ తెచ్చి, "జుట్టు లేకపోయినా పెట్టుకోవాలి సార్" అంది. ఈ ఊళ్లో నాకు టోపీ ఇచ్చిన మొదటి వంటగది అది. ట్యాంకు ఎక్కే వయసు కాదు కనక, మూత తీయించి, కింద నిలబడి కుర్రవంటవాణ్ణి ప్రశ్నలతో చంపాను. తర్వాత అక్కడి నీళ్లు గ్లాసుడు తాగాను. ఆ ట్యాంకాయనకి చెప్పు.

ఒక్కటే చిక్కు. అద్దం పక్క టేబుళ్లు ముందుగా రిజర్వు చెయ్యరు, ఎవరు ముందొస్తే వాళ్లవి. పెద్ద గుంపులయితే లోపలి హాల్లో కూర్చోబెడతారట.

"లోపల ప్రైవసీ కూడా ఉంటుంది సార్" అంది ఆమె.

"ప్రైవసీ మాకొద్దు" అన్నాను.

27న వాళ్లు పొద్దున్న తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉంటాను. సాయంత్రం మీరు వచ్చేదాకా అద్దం పక్కనే కూర్చుంటాను. లేపమను చూద్దాం.

నీ కొడుక్కి చోటు పేరు నేనే చెప్పాను, పక్కింటివాళ్ల ఫోను అడిగి తీసుకుని మరీ. "అక్కడా? మా ఆఫీసంతా మధ్యాహ్నం అక్కడే తింటుంది మావయ్యా!" అని అరిచాడు. మిషను లేకుండానే వినపడింది.

అన్నయ్య


ఫిబ్రవరి 23

అన్నయ్యా,

గది వద్దని చెప్పేశాను. మూడు మాటల్లో చెప్పాను, ఎక్కువ మాట్లాడితే మళ్లీ మెత్తబడతానని. వాడు సరే అనలేదు, వస్తాననీ అనలేదు.

మేస్త్రీకి నీ ఉత్తరం చదివి వినిపించాను, తిట్లతో సహా. "టోపీ పెట్టించారా? అయితే తింటాను" అన్నాడు.

ఎర్ర శాలువా కప్పుకుంటాను. నల్లది బాగుంటుందని మావాడు ఎప్పుడో అన్నాడు. ఎర్రదే.

చెల్లి


ఫిబ్రవరి 28

చెల్లీ,

నిన్న నువ్వు వచ్చాక జరిగినవి నీకు తెలుసు. రాకముందువి చెప్తాను. కొత్త పెళ్లికూతురివి కదా, తీరిగ్గా చదువుకో.

పొద్దున్న వెళ్లి అద్దం పక్కన మూడు టేబుళ్లు చూసుకున్నాను. ఒకదాని మీద గొడుగు, ఒకదాని మీద కోటు, మధ్యదాని ముందు నేను. ఒక మహాసామ్రాజ్యం ఎలా కూలిపోయిందో చెప్పే లావుపాటి సంపుటం తెచ్చుకున్నాను. చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాను. సర్వర్లు వచ్చి పెదాలు ఆడించారు. పేజీ తిప్పాను. ఇంకో సర్వరు వచ్చి చేతులు కూడా ఆడించాడు. ఇంకో పేజీ తిప్పాను. చివరికి ఆ మేనేజరమ్మ వచ్చి, చీటీ మీద రాసి నా ముందు పెట్టింది: "ఎంతసేపు కూర్చుంటారు సార్?"

కింద రాశాను: "మా చెల్లెలి పెళ్లయ్యేదాకా."

ఆమె అది చదివి నన్ను చూసింది, గొడుగుని చూసింది. వెళ్లి ఇద్దరు కుర్రాళ్లని తెచ్చి మూడు టేబుళ్లూ కలిపించింది. మధ్యాహ్నం సూపు పంపింది. ఉప్పు తక్కువ. బాగుంది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

భోజనాల వేళకి నీ కొడుకు ఆఫీసు జనం దండులా దిగారు. కూర్చోవడానికి చోటు లేదు. ఒక టై కట్టుకున్నాయన నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మాత్రం మిషను పెట్టుకున్నాను.

"పెద్దాయనా, ఈ కుర్చీలు ఖాళీయేగా?"

"కాదు బాబూ. పెళ్లివాళ్లవి."

"ఎవరి పెళ్లి?"

"లైసెన్సుల ఆఫీసరుగారి అమ్మది. ఇవాళ సాయంత్రమే. వరుడు వంట మేస్త్రీ, చెయ్యి మంచిదంటారు. నేను వధువు అన్నని."

 ఆయన వెళ్లి తనవాళ్ల చెవిలో చెప్పాడు. అందరూ నావైపు తిరిగారు. నేను తల వంచలేదు, పుస్తకం ముయ్యలేదు. ఒకావిడ మాత్రం వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగి, "అమ్మగారికి శుభాకాంక్షలు చెప్పండి" అంది. చెప్తున్నాను. మిగతావాళ్లు ఏమనుకున్నారో నాకు అనవసరం, నీకు అంతకంటే అనవసరం.

సాయంత్రం సంగతికొస్తే, నీ మేస్త్రీతో నేను మాట్లాడననుకున్నాను. అతనూ అదే అనుకుని వచ్చినట్టున్నాడు. కానీ చేప ఎక్కువ ఉడికిందని అతనంటే నేను ఎలా ఊరుకుంటాను? సరిగ్గా ఉడకలేదది. ఆ గొడవ మీరందరూ ఐస్‌క్రీము తినేదాకా సాగింది. మధ్యలో "బావగారూ, ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకోండి" అన్నాడు. అందించలేదు. పగ అనుకుని మొహం మాడ్చుకున్నాడు. డాక్టరు వద్దన్నది నువ్వే రాశావు కదా, అందుకే ఇవ్వలేదని అతనికి నువ్వే చెప్పు. ఆ బావగారూ అన్న పిలుపు సంగతి కూడా తర్వాత తేల్చుకుంటాం.

ఇప్పుడు అసలు మాట. దీని కోసమే ఈ ఉత్తరం.

సూపు ప్లేట్లు తీసేస్తుండగా ఎదురు బస్టాపులో నీ కొడుకు కనపడ్డాడు. ఆఫీసు బట్టల్లోనే ఉన్నాడు, చేతిలో పూలగుత్తి ఉంది, తలకిందులుగా పట్టుకున్నాడు. రోడ్డు దాటట్లేదు, వెళ్లిపోవట్లేదు. నువ్వు చూడలేదనుకున్నాను. నీ వాక్యం మధ్యలో ఆగింది, అప్పుడు తెలిసింది చూశావని. ఇక లేస్తుంది అనుకున్నాను. శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా వెళ్లి, వాడి చెయ్యి పట్టుకుని బతిమాలి తెస్తుంది, లేకపోతే వాడు వద్దంటే ఏడుస్తూ తిరిగొస్తుంది, అయిపోయింది ఈ పూట అనుకున్నాను. వాడు నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ నువ్వు చేసింది అదేగా.

నువ్వు లేవలేదు. శాలువా సర్దుకున్నావు. ఆ మనిషి చేతిమీద నీ చెయ్యి వేశావు, అద్దం వైపు ఉన్న చేతిమీద, వీధంతటికీ కనపడేలా. కొడుకు వైపు చూసి, రమ్మన్నట్టు ఒక్కసారి తల ఊపావు. బతిమాలడంలా లేదది, దారి చూపించినట్టు ఉంది. తర్వాత సర్వరుని పిలిచి నీకు మళ్లీ వడ్డించమన్నావు.

ఒక బస్సు వచ్చి మధ్యలో ఆగింది. అది కదిలేసరికి వాడు అక్కడ లేడు. నేను చూశాను.

నువ్వు చూడలేదు. నువ్వు తింటున్నావు.

అన్నయ్య